నాయిన పట్టుకున్న దొంగగాలి

వడోదరా నుంచి సూరత్‌కి రెండు నెలలకోసారి నా కారు నేనే నడుపుకుంటూ వస్తాను, నాయినను చూడటానికి. ఈసారి కామ్రేజ్ దాటాక మీటర్ల మధ్య ఇంజన్ బొమ్మ పసుపురంగులో వెలిగింది. ముందు పట్టించుకోలేదు. పర్వత్ పాటియా సిగ్నల్ దగ్గర ఆగేసరికి బండి చలిజ్వరం వచ్చిన మనిషిలా వణకడం మొదలుపెట్టింది. వెనకవాడు హారన్ మీంచి చెయ్యి తీయడు, ముందువాడు కదలడు. వచ్చిన మూడు భాషల్లోనూ తిట్టుకుని, ఎడమవైపు సందులోకి తిప్పాను. ఆ సందు చివరి గ్యారేజీలో నేను ఆరేళ్లు పనిచేశాను. యజమాని హస్ముఖ్ భాయ్ పోయి చాలాకాలమైంది, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడని విన్నాను. ఆ వేళప్పుడు కొడుకు లేడు. గంజాం నుంచి వచ్చిన సంతోష్ అనే మెకానిక్ ఉన్నాడు, ముప్ఫై అయిదేళ్లుంటాయి. స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత వస్తువు గుచ్చి, తన ఫోను చూసుకుని, "ప్లస్ బాయీస్, దీదీ" అన్నాడు. ప్లస్ ఇరవై రెండు. నా నోరు ఊరుకోలేదు. "రేస్ ఇచ్చి చూడు" అన్నాను. రేస్ ఇచ్చాడు. ప్లస్ నాలుగుకు పడిపోయింది. అతను ఫోను వదిలి నా ముఖం చూశాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. అరగంట పడుతుంది కూర్చోండి అన్నాడు. అదే బెంచీ, రంగు మార్చారంతే. కూర్చున్నాను.

మేం అప్పుడు సూరత్‌లోనే, బమ్రోలిలో ఉండేవాళ్లం, తమ్ముడు మాత్రం సొంతూళ్లో అమ్మమ్మ దగ్గర. ఒక గది, ఒక వంటమూల, మెట్ల కింద నీళ్ల డ్రమ్ము. మా గోడ అవతలే మగ్గాల షెడ్డు. పొద్దూమాపూ ఆ గోడ అదురుతూనే ఉండేది, మేకుకు తగిలించిన అద్దం ఎప్పుడూ వంకరే. మా ఊరివాళ్లు చాలామంది లాగే నాయిన కూడా పెళ్లికి ముందే సూరత్ వచ్చి, మగ్గం నడిపే పనిలో చేరి, తరువాత మగ్గాలు బాగుచేసే మాస్టర్ అయ్యాడు. లింగయ్య మాస్టర్ అంటే ఆ గల్లీలో తెలియనివాడు లేడు. నలభై ఎనిమిది మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే, వాకిట్లో నిలబడి "గా మూలకున్నది కుంటుతుంది" అని చెప్పేవాడట. సాయంత్రం ఇంటికి వచ్చాడంటే ముందు మిషన్ నూనె వాసన, ఆ తరువాత నాయిన. కనుబొమ్మల్లో నూలు దుమ్ము, చెవిమీద ఒక దారం పోగు. ఆ పోగు మాత్రం ఎప్పుడూ తీసేవాడు కాదు. స్నానానికి వెళ్లేముందు మేకుకు చుట్టి, స్నానం చేసి వచ్చి మళ్లీ చెవిమీద పెట్టుకునేవాడు. "గదేం నగనా?" అని అమ్మ వెక్కిరించేది. అమ్మ ఆ గదిలోనే ఒక పక్కన చీరలకు రాళ్లు అంటించే పని చేసేది. జిగురు వాసన, జొన్నరొట్టె వాసన, నూనె వాసన మూడూ కలిసి మా ఇంటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా జిగురు సీసా మూత తీస్తే నాకు ఆకలేస్తుంది.

మగ్గాల షెడ్డులో మాట వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదాలు చూసి మాట అందుకుంటారు, చేతులతో జవాబిస్తారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. అరచెయ్యి కిందికి పెడితే ఆపమని. గుప్పిలి మూసి బొటనవేలు బయటపెట్టి గుండ్రంగా తిప్పితే, నడుస్తోంది, ఫికరు లేదు అని. ఈ సైగలు మా ఇంట్లోకీ వచ్చేశాయి. చుట్టాల ముందు అమ్మ నాయినను తిట్టేది కూడా సైగలతోనే. చుట్టాలు చాయ్ తాగుతూ ఎంత మంచి జంట అనుకునేవాళ్లు, వాళ్ల తలల మీదుగా ఇద్దరూ కొట్లాడుకుంటుంటే నేను నవ్వాపుకోలేక బయటికి పోయేదాన్ని. మిగతా ప్రపంచానికి కూడా ఇట్లాగే ఉంటుందనుకున్నాను చాలాకాలం.

నాయిన చెవులు పోతున్నాయని మాకు ఆలస్యంగా తెలిసింది అందుకే. పెదాలు చూసి బతికే మనిషికి వినపడటం లేదని ఎవరు కనిపెడతారు? ఒకరోజు ఒక మగ్గంలో కర్ర పగిలి చప్పుడు మారింది. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. మునుపైతే పది మగ్గాల అవతలినుంచి పట్టేవాడు, ఆ రోజు పట్టలేదు. ఒక తాను గుడ్డంతా పాడైంది. షెడ్డు యజమాని సేఠ్ తిట్టలేదు. ఇన్నేళ్లు చేశావు మాస్టర్, ఇక ఇంట్లో కూర్చో అని భుజం తట్టి పంపించాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాయిన ఆరోజు ఇంటికొచ్చి, చెవిమీది పోగు తీసి మేకుకు చుట్టి, మళ్లీ పెట్టుకోలేదు.

ఆ తరువాత రెండు నెలలు ఆయన మంచం మీదే. గోడకు అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. అవతలి మగ్గాల అదురు చేతికి తెలుస్తుంది కదా, అది చూసుకుంటూ. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. సైగలు కూడా మానేశాడు, అదీ మమ్మల్ని భయపెట్టింది. అమ్మ ఒకరోజు రాళ్లు అంటిస్తూ అంటిస్తూ ఉన్నట్టుండి జిగురు చేతులతోనే ఏడ్చింది. "గీ మనిషికి పని లేకపోతె పానం నిలువదు బిడ్డా. ఏదన్న జూడు" అంది. ఏం చూడను? నాకే అప్పుడప్పుడే ఉద్యోగం దొరికింది. ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, హస్ముఖ్ భాయ్ గ్యారేజీలో బిల్లులు కొట్టడానికి చేరాను. కొత్త కార్లు అప్పుడే ఎక్కువవుతున్నాయి, వాటికి పొట్టలో కంప్యూటరు. హస్ముఖ్ భాయ్ ఒక స్కానర్ కొన్నాడు, ఇటుకంత పసుపు డబ్బా. అందులో అంతా ఇంగ్లీషు. మెకానిక్ యూనుస్ భాయ్ చెయ్యితిరిగిన పనివాడే గాని ఇంగ్లీషు చదవలేడు. "కంప్యూటర్ వాలీ, ఇటురా" అని నన్ను పిలిచి ఆ డబ్బా నా ఒళ్లో పెట్టారు. అంకెలు నేను చదవాలి, పని వాళ్లు చేస్తారు. నాకు ఇంజన్ అంటే ఏమిటో తెలియదు. కాని ఆ డబ్బా పట్టుకున్నాక నా అంత గొప్పది సూరత్‌లో లేదనుకున్నాను.

అట్లాంటప్పుడు కతర్‌గామ్ నుంచి ఒక వజ్రాల వ్యాపారి తన తెల్లకారు తెచ్చి వదిలాడు. ఆగినప్పుడల్లా వణుకు, పసుపు లైటు. డబ్బా గుచ్చి చూస్తే, ఫ్యూయల్ ట్రిమ్ అనే చోట ప్లస్ ఇరవై నాలుగు శాతం అని ఉంది. నేను ఆగానా? "పెట్రోలు ఇరవై నాలుగు ఎక్కువ పోతోంది" అని తీర్పు చెప్పేశాను. ప్లస్ అంటే ఎక్కువే కదా మరి. నాయిన షెడ్డులో గోడకు నల్లబోర్డు ఉండేది, అనుకున్నదానికంటే ఎన్ని మీటర్లు ఎక్కువ నేశారో దానిమీద ప్లస్ పెట్టి రాసేవాళ్లు. చిన్నప్పుడు అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్లి ఆ బోర్డు చూసి సంబరపడేదాన్ని. ప్లస్‌కి ఇంకో అర్థం ఉంటుందని నాకు తోచనే లేదు. యూనుస్ భాయ్ ప్లగ్గులు విప్పి చూపించాడు. "తెల్లగా ఉన్నాయి బేటీ. పెట్రోలు ఎక్కువైతే మసి పట్టాలి" అన్నాడు. "మిషన్ అబద్ధం చెప్పదు భాయ్" అన్నాన్నేను, ఇరవై రెండేళ్ల పొగరుతో. పాపం, తన కళ్లను కాదని నా డబ్బాను నమ్మాడు. వారం రోజులు పెట్రోలు ఎక్కడ కారుతోందా అని వెతికారు. ఇంజెక్టర్లు విప్పారు, కడిగారు, రెండు సామాన్లు కొత్తవి వేశారు. లైటు ఆరినట్టే ఆరి మళ్లీ వెలిగేది. శనివారానికి కాకపోతే బండి ఈడ్పించుకుపోతానని వ్యాపారి ఫోన్‌లో అరిచాడు. హస్ముఖ్ భాయ్ ఆ అరుపులన్నీ నామీదికి మళ్లించాడు. "రేపటి నుంచి బిల్లులు మాత్రం కొట్టు, డబ్బా ముట్టకు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తిండి తినకుండా మూల కూర్చున్నాను. ఉక్రోషం, అవమానం, రెండూ. నాయిన మంచం మీంచి నా ముఖం చూస్తున్నాడు. రెండు నెలల్లో మొదటిసారి తనే అడిగాడు. "ఏందే బిడ్డా, గట్ల మూతి ముడుచుకున్నవ్?" చెప్పాను. పెదాలు ఆడిస్తూ, వేళ్లతో అంకెలు చూపిస్తూ, మధ్యలో ఏడుస్తూ. కారులో కంప్యూటర్ ఉంటుంది, పొగగొట్టం దగ్గర ఒక ముక్కు ఉంటుంది, అది వాసన చూసి చెప్పినదాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు సర్దుతుంది, ఆ సర్దుబాటు ఇరవై నాలుగు. పుస్తకంలో ఉన్నది నాకు అర్థమైనంత మేరకు చెప్పాను. నాయిన గోడమీంచి చెయ్యి తీశాడు.

"ఇరువై నాలుగున్నది పెట్రోలా, సర్దుబాటా?" అన్నాడు.

"సర్దుబాటే."

"మరి ఎక్కువున్నదని ఎట్లంటవే? మగ్గం ఎనుక పడుగు దారాలకు బరువులు ఏలాడదీస్తం జూడు. బరువులు మస్తుగున్నయంటె పడుగు బిగుసుకున్నదనా? వదులైందని! వదులైతెనే గద మనిషి బరువేసేది. నీ కంప్యూటర్ ఇరువై నాలుగు బరువులేసింది. అంటె బండికి పెట్రోలు సాలుతలేదు. ఎక్కువ కాదు, తక్కువ."

 తెల్ల ప్లగ్గులు గుర్తొచ్చాయి. యూనుస్ భాయ్ కళ్లు నిజం చెప్పాయి, నేనే చదవడం తప్పు చదివాను. సిగ్గుతో చచ్చిపోయాను గాని, ఆ సిగ్గు కిందినుంచి సంతోషం పొంగింది. నాయిన మంచం దిగి కూర్చున్నాడు. "ఆగినప్పుడే గంతనా, ఉరికినప్పుడు గూడనా?" అని అడిగాడు. ఉరికించినప్పుడు అయిదు అన్నాను, రిజిస్టర్లో రాయలేదు గాని చూసినట్టు గుర్తుంది. అదెందుకట్లా అని ఇద్దరం తలలు పట్టుకున్నాం. పెట్రోలు పంపు బలహీనమైతే ఉరికినప్పుడే కొరత ఎక్కువ కావాలి కదా. రొట్టె కాలుస్తున్న అమ్మ వెనక్కి తిరిగి, "గంత పెద్ద ముచ్చటా అది?" అంది. "నలుగురికి వెట్టిన చాయ్‌ల గిలాసెడు నీళ్లు వోసినవనుకో, నోట్లె పెట్టరాదు. గదే గిలాసెడు షెడ్డోళ్లందరికి వెట్టిన పెద్ద గంజుల వోసినవనుకో, ఎవడన్న గుర్తువడ్తడా?" నాయిన అమ్మను చూశాడు. అమ్మకు దండం పెట్టబోయాడు, అమ్మ రొట్టె పిండి విసిరింది. ఆగి ఉన్నప్పుడు ఇంజను పీల్చేది కొంచెం గాలి. ఎక్కడో చిన్న చిల్లులోంచి, కొలతకు దొరకకుండా దొంగగాలి దూరుతోంది, ఆ గాలికి పెట్రోలు చాలడం లేదు. ఉరికినప్పుడు అంత గాలిలో అది లెక్కకు రాదు. మా వంటమూలలో, ఇంజను లోపల ఎట్లా ఉంటుందో ఎరగని ముగ్గురం, ఆ సంగతి పట్టుకున్నాం.

మర్నాడు నాయినను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన మేకు దగ్గర ఆగి, దారం పోగు చెవిమీద పెట్టుకున్నాడు. నేను చూడనట్టు నటించాను. గ్యారేజీలో హస్ముఖ్ భాయ్ అద్దాల గది లోపలికి పోయి, తలుపేసి, యూనుస్ భాయ్‌తో ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. నాయిన మాత్రం అద్దంలోంచి ఆయన పెదాలు చూస్తూ నిలబడ్డాడు. హస్ముఖ్ భాయ్ బయటికి రాగానే నాయిన తన మగ్గాల హిందీలో అన్నాడు. "చెవిటోడు ఇంజన్‌ల ఏం వింటడు అన్నవు గద సేఠ్. నిజమే. వినేటోళ్లు నీకు ముగ్గురున్నరు, వారమాయె విని విని. జర నన్ను చూడనియ్యి." హస్ముఖ్ భాయ్ ముఖం చూడాలి! యూనుస్ భాయ్ అటు తిరిగి నవ్వుకున్నాడు. చివరికి హస్ముఖ్ భాయ్ నా వైపు వేలు చూపించాడు. సాయంత్రంలోగా దొరికితే సోమవారం నుంచి మీ నాయిన ఇక్కడే కూర్చుంటాడు, దొరక్కపోతే ఇద్దరూ ఇంట్లో కూర్చోండి అన్నాడు. నా ఉద్యోగం గురించి నాకు దిగులు కలగలేదు. దొరక్కపోతే నాయిన మళ్లీ ఆ గోడకు చెయ్యి ఆనించుకుంటాడు, ఈసారి ఇక లేవడు. 

గాలి దూరే చోట సన్నటి బుస్సుమనే చప్పుడు ఉంటుంది, మెకానిక్కులు రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని దానికోసం వెతుకుతారు. వీధిలో లారీలు, పక్కన ఎంబ్రాయిడరీ మిషన్లు, ఆ రొదలో ఆ బుస్సు ఎవరికి వినపడుతుంది? నాయిన ముందు రేడియేటర్ ఫ్యాన్ వైరు పీకించాడు, గాలి కదలొద్దని. తరువాత చెవిమీది పోగు తీసి, గోటితో చీల్చి, చీల్చి, వెలుగులో పెడితే తప్ప కనపడనంత సన్నం చేశాడు. మగ్గం దగ్గర ఫ్యాను గాలి ఎటు తగిలి పోగులు తెగుతున్నాయో ఆయన ఇట్లాగే చూసేవాడట. నేను కారులో కూర్చుని డబ్బా పట్టుకున్నాను. బానెట్ లేపి ఉంది, నా పెదాలు ఆయనకు కనపడవు. అందుకని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వేళ్లతో అంకెలు చెప్పాలి. డబ్బాలో రెండు అంకెలు, ఒకటి అప్పటికప్పుడు మారేది, ఇంకోటి నెమ్మదిగా అలవాటైనది, ఆ రెండూ కలిపితేనే ఇరవై నాలుగు. నేను మొదటి దాన్నే చూస్తున్నాను. పది. పది. తొమ్మిది. పది. ఇంజను చుట్టూ ఆ పోగు అంగుళం అంగుళం తిరుగుతోంది. వేడెక్కినప్పుడల్లా ఇంజను ఆపి, చల్లార్చి, మళ్లీ మొదలుపెడుతూ గంట గడిచింది. హస్ముఖ్ భాయ్ రెండుసార్లు వచ్చి గడియారం చూసుకుని పోయాడు. బానెట్ కింది సందులోంచి నాకు నాయిన నడుము, వంగిన మోకాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. దేవుడా దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

ఉన్నట్టుండి ఆ మోకాళ్లు కదలడం ఆగిపోయాయి. బ్రేకుల వైపు పోయే లావు రబ్బరు పైపు, దాని అడుగున, పైకి కనపడని చోట, పోగు కొస దానంతట అదే వంగి లోపలికి జారిపోయిందట. యూనుస్ భాయ్ తరువాత చెప్పాడు నాకు, దారం పాములా దూరిపోయిందని. నాయిన ఆ చోట వేళ్లతో గట్టిగా మూశాడు. ఇంజను వణుకు ఆగింది. నా చేతిలో అంకె పది నుంచి ఆరు, మూడు, సున్నా, ఇంకా కిందికి, మైనస్ అయిదు, మైనస్ ఎనిమిది.  ఏదో పాడుచేశాడనుకుని అరచెయ్యి కిందికి పెట్టి ఆపు, ఆపు అని ఊపాను. నాయిన బానెట్ పక్కనుంచి తల బయటపెట్టాడు. నా పెదాలు చూసి, మైనస్ అని అందుకుని, నవ్వాడు. "ఎందుకు పరేషానైతవ్? వదులు వొయ్యింది, ఏసిన బరువులు తీసేస్తుందది." ఆ మాట అని, గుప్పిలి మూసి, బొటనవేలు బయటపెట్టి గుండ్రంగా తిప్పాడు. రెండు నెలల తరువాత ఆ సైగ. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని, స్టీరింగ్ మీద తల ఆనించి, అందరి ముందూ బావురుమన్నాను. హస్ముఖ్ భాయ్ దగ్గరికొచ్చి, చెవిటివాడు కదా అని నోరంతా తెరిచి, "సో...మ...వా...ర్!" అని అరిచాడు. నాయిన చేతులు తుడుచుకుంటూ, "మెల్లగన్నా కనవడ్తది సేఠ్" అన్నాడు.

అక్కడ పద్నాలుగేళ్లు పనిచేశాడు నాయిన. స్కానర్ పక్కన మేకుకు ఒక దారం ఉండ వేలాడదీశాడు. నేను పెళ్లయి వడోదరా వెళ్లిపోయాను. అమ్మ పోయింది. బమ్రోలిలో ఇప్పుడు తమ్ముడి ఇల్లు, రెండంతస్తులు, గోడ అదరదు, నాయిన ఉండేది అక్కడే. పాత మగ్గాలు తూకానికి పోయి నీళ్లు చిమ్మి నేసేవి వచ్చాయి. వాటికి బరువులు వేలాడదీసే పనే లేదు, ఆ మాట చెబితే కొత్తవాళ్లకు అర్థం కాదు కూడా. ఇటుకంత స్కానర్ అగ్గిపెట్టెంత అయింది. అంకెలు చదవడానికి నాలాంటి కంప్యూటర్ వాలీ అక్కర్లేదు, అందరి జేబులోనూ ఫోనుంది. అప్పుడు మంచిదా ఇప్పుడు మంచిదా అని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా ఇప్పుడే అంటాను. షెడ్డు సేఠ్‌లు ఇప్పటికైనా చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇస్తున్నారు, తీసుకునేవాళ్లు తీసుకుంటున్నారు. అప్పుడు ఉండి ఇప్పుడు లేనిది అమ్మ ఒక్కతే నాకు.

ఇవన్నీ ఆ బెంచీ మీద కూర్చుని తలపోసుకుంటున్నాను. సంతోష్ బానెట్ లేపాడు. ఫ్యాన్ వైరు పీకాడు. గోడ దగ్గరికి పోయి, మేకుకున్న ఉండలోంచి జానెడు దారం తెంపి, గోటితో చీల్చడం మొదలుపెట్టాడు. నేను లేచి నిలబడ్డాను.

"అదేంటి భయ్యా?"

"మాస్టర్‌జీ కా ధాగా, దీదీ." మాస్టర్ గారి దారమట.

"ఏ మాస్టర్‌జీ?"

తెలియదన్నాడు. తనకు ముందు చేసినవాడు నేర్పాడట. ఉండ అయిపోతే కొత్తది తెచ్చి కట్టడం ఇక్కడి పద్ధతట.  మరదలికి వీడియో ఫోన్ చేశాను. నాయిన తెరమీదికి వచ్చాడు. డెబ్బై దాటిన ముఖం. కొనిచ్చిన చెవి మిషను డబ్బాలోనే ఉంటుంది, పెట్టుకోడు. ఏమీ చెప్పకుండా ఫోను ఇంజను వైపు తిప్పాను. సంతోష్ చేతిలో పోగు తిరుగుతూ తిరుగుతూ ఒక పైపు దగ్గర కొస వంచి, లోపలికి దూరింది. ఫోనులో నాయిన ముక్కు, నుదురు మాత్రమే కనిపిస్తున్నాయి, అంత దగ్గరికి వచ్చేశాడు. సంతోష్‌కి చెప్పాను, నువ్వు పట్టుకున్న దారం ఈయనదే అని. అతను నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుని, తెరకేసి చేతులు జోడించాడు. "నమస్తే మాస్టర్‌జీ." నాయిన ఆ పెదాలు చదివాడు.  తరువాత అటు తిరిగి మరదలితో గట్టిగా అంటుంటే విన్నాను.

"నా అంగీ తే. ఆటో పిలువు. గ్యారేజీకి వోతున్న."

"చెవి మిషన్ పెట్టుకోరి మామయ్యా" అంది మరదలు, ముందుకొచ్చి.

"ఎందుకే? వినేటోళ్లు ఆడ ఉన్నరు."

సంతోష్ ఆ పైపు క్లిప్పు బిగించడానికి పానా అందుకోబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపి, ఇంజను ముట్టుకోవద్దు, బానెట్ ముయ్యొద్దు, మాస్టర్ వస్తున్నాడు అన్నాను.